పోచారంలో 41 డిగ్రీలు, నీళ్లలో 3 డిగ్రీలు: డ్రైసూట్ లోపల ఏం వేసుకోవాలి?

మే నెల, శనివారం మధ్యాహ్నం. పోచారంలో 41 డిగ్రీలు. కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యాన్ తిరుగుతోంది. ఆ ఫ్యాన్ కింద నేను మెడ నుంచి మడమల దాకా ఉన్ని థర్మల్స్ వేసుకుని, వాటి మీద మందపాటి ఫ్లీస్ తొడుక్కుని, చేతులు పైకెత్తి, గొంతుక్కూచుని, మళ్లీ లేచి చూస్తున్నా. మా రూమ్మేట్ తలుపు తీసి ఒక్క క్షణం చూశాడు. "ఏందిరా, అంటార్కిటికాకు ఇల్లరికం పోతున్నవా?" అని మళ్లీ తలుపేసుకున్నాడు.

అంటార్కిటికా కాదు గానీ ఐస్‌లాండ్. అక్టోబర్‌లో సిల్ఫ్రాలో డైవ్ చేయాలని ప్లాన్. థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్కులో ఉత్తర అమెరికా, యురేషియా ప్లేట్లు విడిపోతున్న చోట పడిన చీలిక అది. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్లలో ఏళ్ల తరబడి వడపోసుకుని అక్కడికి వస్తుంది. అందుకే నీళ్లు అద్దంలా ఉంటాయి. ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలు. వెట్‌సూట్ వేసుకుని దిగే నీళ్లు కావివి, డ్రైసూట్ ఉండాల్సిందే. ఆ సూట్ వాడటం వచ్చని సర్టిఫికెట్టో, లాగ్‌బుక్కో చూపించకపోతే డైవ్‌కి తీసుకెళ్లరు.

గాడ్జెట్ల సైట్‌లో బట్టల గురించి ఏంటి అంటారా? డ్రైసూట్‌ని ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోన్ అనుకోండి. నీళ్లు లోపలికి రావు, అంతే. లోపల బ్యాటరీ చల్లబడకుండా చూసే బాధ్యత ఆ రేటింగ్‌ది కాదు. ఆ పని లోపల వేసుకునే బట్టలది. దాని సెలెక్షన్‌లో నేను చేసిన ఒక తప్పు వల్ల ఈ ఆర్టికల్ రాయడానికి మిగలకుండా పోయేవాడినేమో. అందుకే మొదట ఆ కథ.

చెయ్యి ఎత్తాను, గాలి బయటికి రాలేదు

పోయిన ఏడాది ప్రాజెక్టు పని మీద ఆరు నెలలు ఇంగ్లండ్‌లో ఉన్నా. వీకెండ్స్‌లో డ్రైసూట్ కోర్స్ చేశా. అక్కడ డైవింగ్ అంటే ఎక్కువగా నీళ్లు నిండిన పాత క్వారీల్లోనే. మన కీసర, ఘట్‌కేసర్ వైపు కంకర తీసి వదిలేసిన గుంతల్ని పది రెట్లు పెంచి, మెట్లు కట్టి, టికెట్ పెట్టారనుకోండి. (మన గుంతల్లో మాత్రం దిగకండి. ప్రతి ఎండాకాలం పేపర్లో ఏం చదువుతున్నామో మీకు తెలుసు.)

ఫిబ్రవరి. నీళ్లు 6 డిగ్రీలు. కోర్స్‌లో ఇచ్చిన అద్దె అండర్‌సూట్ ఉతికి ఉతికి దుప్పటి అంచులా పలచబడిపోయింది. రెండు డైవ్‌లూ పళ్లు టకటకలాడుతూనే చేశా. మూడో డైవ్‌కి నా తెలివి వాడా. హైదరాబాద్ నుంచి తీసుకెళ్లిన ట్రెకింగ్ పఫర్ జాకెట్ ఉంది, ట్యాగ్ మీద మైనస్ 5 డిగ్రీలని రాసుంది. స్పెక్ షీట్ చూసి ఫోన్ కొన్నట్టే, ఆ నంబర్ చూసి జాకెట్‌ని ఫ్లీస్ మీద వేసుకుని సూట్ జిప్ లాగేశా.

మొదటి హెచ్చరిక పైనే వచ్చింది. ఎప్పుడూ వాడే 8 కిలోల సీసంతో మునగలేదు. ఇంకో 3 కిలోలు తగిలించుకుని దిగా. అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. 14 మీటర్ల లోతుకు వెళ్లేసరికి సూట్ ఒంటికి అతుక్కుపోయింది, జాకెట్ అప్పడంలా అణిగిపోయింది, మళ్లీ చలి. ఛాతీ మీది బటన్ నొక్కి సూట్‌లోకి గాలి ఎక్కించా. కాస్త హాయిగా అనిపించింది. ఇంకాస్త ఎక్కించా.

ఇరవై నిమిషాల తర్వాత పైకి బయల్దేరాం. పైకి వస్తున్నకొద్దీ లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఎడమ భుజం దగ్గరుండే వాల్వ్ గుండా దాన్ని వదిలేస్తూ రావాలి. 6 మీటర్ల దగ్గర మోచెయ్యి పైకెత్తా. బుడగలు రాలేదు. వాల్వ్ పూర్తిగా తిప్పి తెరిచా. అయినా రాలేదు. ఈలోపు గాలి కాళ్లలోకి పరుగెత్తింది, తల కిందికి, కాళ్లు పైకి. వాల్వ్ ఇప్పుడు కింద ఉంది, గాలేమో పైన ఉంది. ఇక ఆపేది ఏమీ లేదు.

తర్వాత డైవ్ కంప్యూటర్ లాగ్‌లో చూశా: 6 మీటర్లు, 8 సెకన్లు. అంటే నిమిషానికి 45 మీటర్ల స్పీడు. మామూలుగా పాటించాల్సింది నిమిషానికి 9 మీటర్లు. నాకు ఆ 8 సెకన్లలో గుర్తున్నది ఒక్కటే, ఊపిరి బిగపట్టకూడదని. నోట్లోంచి గాలి వదులుతూనే ఉన్నా. నీటి మీద కాళ్లు ఆకాశంలోకి పెట్టి, గాలి నింపిన లారీ ట్యూబులా తేలా.

నా బడ్డీ అక్కడే ఆస్పత్రిలో పనిచేసే నెల్లూరు డాక్టరన్న. ఆయన తన స్పీడులో తను పైకి వచ్చి, మాస్క్ కూడా తీయకుండా అడిగిన మొదటి మాట: "ఊపిరి వదిలినావా, లేదా?"

"వదిలానన్నా."

"అయితే బతికినావులే, పద ఒడ్డుకి."

బిగపట్టి ఉంటే, ఊపిరితిత్తుల్లోని గాలి కూడా సూట్‌లో గాలిలాగే ఉబ్బి వాటిని చించేది. దానికి 6 మీటర్లు చాలు, అంతకన్నా తక్కువ లోతులోనూ జరుగుతుంది. ఒడ్డున ఒక గంటసేపు ఛాతీ నొప్పి ఉందా, వేళ్లు తిమ్మిరెక్కాయా అని అడుగుతూనే ఉన్నాడు. ఏమీ కాలేదు. టీ తాగాక పార్కింగ్‌లో నా జాకెట్ తీసుకుని, భుజం దగ్గర బట్టను పెదాలకు ఆనించి గట్టిగా ఊదాడు. గాలి అటువైపు దూరలేదు. "నోటితో ఊదితేనే పోలేదబ్బయా, వాల్వ్‌లోంచి ఎట్ట పోతాది?"

విషయం అదీ. పఫర్ జాకెట్ల పైబట్ట గాలి ఆపడానికే నేస్తారు. ఆ నైలాన్ వచ్చి వాల్వ్ లోపలి రంధ్రాలకు బిందె మూతిలా బిగిసిపోయింది. వాల్వ్‌లో లోపం ఏమీ లేదు. కాబట్టి డ్రైసూట్ లోపల వేసుకునే దేనికైనా మొదటి టెస్ట్ ఇదే: ఎడమ భుజం దగ్గర ఊది చూడండి. గాలి దూరకపోతే అది ఎంత వెచ్చనిదైనా వద్దు. డైవింగ్ కోసమే చేసే అండర్‌సూట్లలో కొన్నిటికి ఆ చోట గాలి పోయే బట్ట వేరుగా కుడతారు. అదెందుకో నాకు అప్పుడు అర్థమైంది.

వెచ్చదనానికీ సీసానికీ లింకు

ఇక్కడ కొంచెం ఫస్టియర్ ఫిజిక్స్. మనల్ని వెచ్చగా ఉంచేది బట్టలో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కాబట్టి, ఒంటికీ నీళ్లకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల గాలి నిలబెట్టగలిగితే అంత వెచ్చదనం. పలచటి ట్రైలామినేట్ సూట్లలో సూట్ గుడ్డ నుంచి వచ్చే వెచ్చదనం లేనట్టే, మొత్తం భారం లోపలి బట్టలదే. నియోప్రీన్ డ్రైసూట్‌కి కొంత సొంత వెచ్చదనం ఉంటుంది, లోతుకు వెళ్తే అదీ అణుగుతుంది.

బట్టల వెచ్చదనానికి క్లో అని ఒక యూనిట్ ఉంది. 1941లో పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత దుస్తులు ఒక క్లో. మామూలు కోటు, ప్యాంటు అనుకోండి. లెక్కలో అది 0.155. ఫ్లీస్ లాంటి బట్టల ఉష్ణవాహకత సుమారు 0.035 అనుకుంటే, ఒక క్లోకి కావాల్సిన మందం దాదాపు 5.4 మిల్లీమీటర్లు. తల, చేతులు వదిలేస్తే సూట్ కింద ఉండే ఒంటి విస్తీర్ణం నా సైజు మనిషికి 1.6 చదరపు మీటర్లు. రెండూ గుణిస్తే సుమారు 9 లీటర్లు.

అంటే ఒక క్లో వెచ్చదనం కావాలంటే 9 లీటర్ల గాలిని వెంట తీసుకుని నీళ్లలోకి దిగాలి. 9 లీటర్ల గాలి 9 కిలోల బలంతో పైకి తోస్తుంది. దాన్ని అణచడానికి సీసం. ఫోన్‌లో పెద్ద బ్యాటరీ కావాలి, ఫోన్ మాత్రం బరువు ఉండకూడదు అంటాం చూడండి, సరిగ్గా ఆ గొడవే. ఒక్క మిల్లీమీటర్ మందం పెంచితే 1.6 కిలోల సీసం.

పైగా ఈ 9 లీటర్లు స్థిరంగా ఉండవు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు, పైన ఉన్న 9 లీటర్లు అక్కడ 4.5 అవుతాయి. 20 మీటర్లలో 3. మొదటి పది మీటర్లలో 4.5 లీటర్లు పోతే, తర్వాతి పదిలో పోయేది 1.5 మాత్రమే. దిగేటప్పుడు ఆ లోటు భర్తీ చేయడానికే గాలి ఎక్కిస్తాం. ఎక్కేటప్పుడు లెక్క తిరగబడుతుంది. 6 మీటర్ల దగ్గర సూట్‌లో 8 లీటర్లు ఉండి, వదలకుండా వస్తే, పైకి చేరేసరికి 12.8. దాదాపు 5 కిలోల అదనపు తోపు. నన్ను రాకెట్‌లా లేపింది అదే.

డంబెల్, వెర్నియర్, ఒక చెక్క ముక్క

తిరిగొచ్చాక డైవింగ్ అండర్‌సూట్ ఒకటి తెప్పించుకున్నా. ఫోర్త్ ఎలిమెంట్, శాంటి, వీజిల్ లాంటి పేర్లు మీరు వెతికితే కనిపిస్తాయి. మంచిదానికి ఒక మిడ్ రేంజ్ ఫోన్ ధర అవుతుంది, అందుకే నాలాంటి వాడికి పఫర్ ఐడియా వచ్చేది. కొన్నది నిజంగా పనికొస్తుందా లేదా అన్నది హైదరాబాద్‌లో తేల్చేదెలా? చన్నీళ్లు లేవు. అందుకని ఇంట్లోనే ఒక టెస్ట్ పెట్టా.

నీళ్లలో నిలువుగా ఉన్నప్పుడు సూట్‌లోని గాలి పైభాగానికి చేరుతుంది, దాని కింద బట్ట మీద నీటి ఒత్తిడి పనిచేస్తుంది. గాలి ఉన్న చోటు నుంచి 30 సెంటీమీటర్లు కిందికి వస్తే ఆ తేడా సుమారు 3 కిలోపాస్కల్స్. 10 సెంటీమీటర్ల చదరపు చెక్క ముక్క మీద 3 కిలోల డంబెల్ పెడితే సరిగ్గా అంతే ఒత్తిడి. బీటెక్‌లో కొన్న వెర్నియర్ క్యాలిపర్ ఇన్నాళ్లకు పనికొచ్చింది. ముందు వదులుగా ఉన్న మందం, తర్వాత డంబెల్ కింద మందం.

పఫర్: వదులుగా 20 మిల్లీమీటర్లు, బరువు కింద 3. అద్దెది దొరకలేదు కాబట్టి దానిలాంటి పాత ఫ్లీస్ పెట్టా: 4.5 నుంచి 2.5కి. కొత్త అండర్‌సూట్: 9 నుంచి 5.5కి. ఇవి మా వంటింటి గట్టు మీద, నా దగ్గరున్న మూడు బట్టలకే వచ్చిన అంకెలు. ల్యాబ్ రిపోర్ట్ అనుకోకండి. అయినా కథ మొత్తం వాటిలోనే ఉంది. పఫర్ పైన ఉన్నప్పుడు ఇరవై మిల్లీమీటర్ల గాలితో మునగనివ్వదు, సీసం అడుగుతుంది. కింద, నిజంగా వెచ్చదనం కావాల్సిన చోట మూడే ఇస్తుంది. సీసం ఖర్చు ఇరవైకి, పని మూడుకి. పక్షి ఈకల జాకెట్ అయితే ఇంకా ఘోరం, సూట్ లీకై తడిసిందంటే ముద్దయిపోతుంది. ఒత్తిడికి నిలబడే థిన్సులేట్ లాంటివి, గట్టి ఫ్లీస్‌లు డైవర్లు ఎంచుకునేది అందుకే.

కాబట్టి ప్యాకెట్ మీద ఉన్న డిగ్రీలను, గ్రాముల నంబర్‌ని చూసి మోసపోకండి. క్లో నంబర్ ఇచ్చినా, అది ఏ ఒత్తిడి కింద కొలిచిందో చెప్పకపోతే దాన్ని నేను బెంచ్‌మార్క్ యాప్ స్కోర్‌లాగే చూస్తా.

చలికాలంలో రోడ్డు పక్కన టిబెట్ వాళ్లు అమ్మే దళసరి ఫ్లీస్ ఒకటి కూడా అడిగి కొలిచా, అద్దె బట్టకన్నా మెరుగ్గా వచ్చింది. ఊది చూస్తే గాలి హాయిగా దూరింది. బడ్జెట్ లేనివాళ్లకి రెండు సన్నటి ఫ్లీస్‌లు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం తప్పేం కాదు, కదలికకు అడ్డం రాకపోతే. చేతులు తల వెనక్కి పెట్టగలగాలి, భుజం వాల్వ్ అందాలి. నేను కరెంటు లేని గదిలో చేస్తున్న డ్యాన్స్ అదే.

ఒంటికి ఆనుకుని ఉండేది మాత్రం నూలు బనియన్ కాకూడదు. నూలు చెమట పీల్చి అక్కడే పెట్టుకుంటుంది. మెరీనో ఉన్ని గానీ, పాలీప్రొపిలీన్ గానీ అయితే చెమటని బయటి పొరకు పంపేస్తుంది. డైవ్‌కి ముందు ఎండలో సూట్ వేసుకుని కబుర్లు చెబుతూ నిలబడితే ఎంత మంచి అండర్‌సూట్ అయినా లోపలే తడుస్తుంది. జిప్ చివరి నిమిషంలో లాగాలి. ఈ విషయంలో హైదరాబాదీలు ఎక్స్‌పర్ట్స్, పెళ్లిలో షేర్వానీ బటన్లు బరాత్ బయల్దేరేదాకా పెట్టం కదా.

ఎంత సీసం?

డంబెల్ లెక్క ప్రకారం పాత ఫ్లీస్ 4 లీటర్లు, కొత్తది 8.8. తేడా దాదాపు 5 లీటర్లు. పాతదానితో క్వారీలో 8 కిలోలు సరిపోయాయి కాబట్టి కొత్తదానికి 13 కిలోలు మొదటి అంచనా. అక్కడ నీళ్లలోనే సరిచూసుకోవాలి, అదీ డైవ్ చివర్లో. 12 లీటర్ల సిలిండర్‌ని 200 బార్ నుంచి 50 బార్‌కి వాడేస్తే 1,800 లీటర్ల గాలి ఖర్చవుతుంది, దాని బరువు 2 కిలోల పైనే. మొదట్లో సరిపోయిన సీసం చివర్లో చాలదు. ఖాళీ అవుతున్న సిలిండర్‌తో 5 మీటర్ల దగ్గర, సూట్‌లో లోపలి బట్ట కాస్త పొంగి ఉండేంత గాలి ఉంచుకుని, కదలకుండా నిలబడగలిగితే సీసం సరిపోయినట్టు.

ఇక్కడ చాలామంది పడే ఆశ ఒకటుంది. సీసం తగ్గిస్తే గొప్ప డైవర్ అని. వెట్‌సూట్‌లో అది నిజమే కావచ్చు. డ్రైసూట్‌లో సీసం మరీ తగ్గిస్తే సూట్‌లోంచి గాలి మొత్తం పిండేయాలి, అప్పుడు 5.5 మిల్లీమీటర్లు కాస్తా 3 అవుతాయి. డబ్బులు పెట్టి కొన్న వెచ్చదనాన్ని మన చేత్తోనే వదిలేసినట్టు. అలాగని ఎక్కువ సీసం పెట్టుకుంటే దానికి సరిపడా ఎక్కువ గాలి కావాలి, ఆ గాలి కాళ్లలోకి పారిపోతుంది. నేను పాటించేది: సూట్‌లో వెచ్చదనానికి కావాల్సినంతే, మిగతా తేలడం బీసీడీ చూసుకుంటుంది. కొన్ని కోర్సుల్లో మొత్తం సూట్‌తోనే బ్యాలెన్స్ చేయమంటారు, అది నాకు నచ్చలేదు. కాళ్లు పైకి పోతే మోకాళ్లు పొట్టలోకి ముడిచి పల్టీ కొట్టడం మాత్రం ఏ పద్ధతివాళ్లయినా ప్రాక్టీస్ చేయాల్సిందే.

ఇంకో లెక్క మర్చిపోకండి. సముద్రపు నీరు మంచినీటికన్నా దాదాపు 2.5 శాతం బరువు. నేను 72 కిలోలు, సామాను 35, మొత్తం 107. సముద్రానికి వెళ్తే ఇంకో 2.7 కిలోలు కలపాలి. సిల్ఫ్రా మంచినీరు కాబట్టి క్వారీ లెక్కే పనిచేస్తుంది.

బ్యాటరీ హీటింగ్ గురించి కూడా చెప్పాలి కదా

కామెంట్లలో మొదట అడిగేది ఇదేనని తెలుసు. డైవింగ్ కోసం 12 వోల్టుల హీటెడ్ వెస్టులు ఉన్నాయి. 9 యాంపియర్-అవర్ బ్యాటరీ అంటే 108 వాట్-అవర్లు. 60 వాట్లు లాగే వెస్టుకి రెండు గంటల లోపే. విమానంలో క్యాబిన్ బ్యాగులో అడగకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల వరకే, ఆపైన ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. బైక్ మీద వాడే పవర్‌బ్యాంక్ జాకెట్లను సూట్‌లో వేసుకోవాలని మాత్రం అనుకోకండి. లోపల బ్యాటరీ వేడెక్కి పొగొస్తే నీళ్ల కింద జిప్ తీయలేరు.

అంతకన్నా ముఖ్యమైనది, వేడి ఎప్పుడు కావాలన్నది. అమెరికా నేవీ ఎక్స్‌పెరిమెంటల్ డైవింగ్ యూనిట్ 2007లో ఇచ్చిన రిపోర్టులో, అడుగున 36 డిగ్రీల నీళ్లలో వెచ్చగా ఉండి, పైకి వచ్చే దశలో 27 డిగ్రీలకు చల్లబడిన డైవర్లకు డీకంప్రెషన్ జబ్బు ముప్పు బాగా పెరిగింది. తలకిందులుగా చేస్తే తగ్గింది. వెచ్చగా ఉన్నప్పుడు రక్తప్రసరణ ఎక్కువ, నైట్రోజన్ ఎక్కువ ఎక్కుతుంది. తర్వాత చల్లబడితే అది బయటికి పోవడానికి టైం పడుతుంది. మొదట్లో ఫుల్‌లో పెట్టి, మధ్యలో బ్యాటరీ అయిపోయే వెస్ట్ సరిగ్గా ఆ తప్పు సీక్వెన్సే చేస్తుంది. అందుకే హీటర్ లేకపోయినా తట్టుకునే బట్టలు వేసుకుని, హీటర్‌ని బోనస్‌గా చూడాలి. నా నలభై నిమిషాల డైవ్‌కి నేను కొనడం లేదు.

మరీ లోతుకు వెళ్లే ప్రొఫెషనల్స్‌కి బట్టలు చాలవు. 2025 జులై 18న విశాఖలో నేవీలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్ గుర్తుందా? మన హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టినది, 300 మీటర్ల దాకా సాచురేషన్ డైవింగ్ చేయించగలదు. అలాంటి లోతుల్లో డైవర్లు పీల్చేది హీలియం మిక్స్. హీలియం గాలికన్నా సుమారు ఆరు రెట్లు వేగంగా వేడిని తీసుకుపోతుంది. అందుకే సాచురేషన్ డైవర్లకు పైనుంచి గొట్టం ద్వారా వేడినీళ్లు పంపి, సూట్ లోపల పారిస్తారు. మన రుషికొండ దగ్గర సరదాగా స్కూబా చేసేవాళ్లకి ఈ బాధలేవీ లేవు, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్‌తో కానిచ్చేయొచ్చు.

ప్యాకింగ్ మొదలైంది. మెరీనో జత, అండర్‌సూట్, రిజర్వుగా రోడ్డు పక్కన కొన్న ఫ్లీస్. పఫర్ కూడా వస్తోంది, కాకపోతే సూట్‌కి బయట, ఒడ్డున వేసుకోవడానికి. ఈ ఆర్టికల్ డ్రాఫ్ట్ నెల్లూరన్నకి పంపితే ఒక్క లైన్ రిప్లై వచ్చింది: "అంతా బానే రాసినావు, సాక్సుల సంగతేంది?"

నిజమే. రెండు జతల ఉన్ని సాక్సులు తొడిగి బూటులోకి పాదం బలవంతంగా దూరిస్తే, లోపల గాలికి చోటుండదు, రక్తం ఆడదు, ఒక్క జతకన్నా ఎక్కువ చలేస్తుంది. బూటు సైజు సాక్సుతో కలిపి చూసుకోవాలి. అలాగని బూటు వదులైతే గాలి అక్కడ చేరి, పల్టీ కొట్టేటప్పుడు ఫిన్‌తో సహా ఊడిపోవచ్చు. నా అద్దె సూట్ బూట్లు 9 నంబర్. నావి 8. ఒక దళసరి జత సాక్సులు పెట్టుకుంటున్నా.